బంగాళాఖాతం, డిసెంబర్ 1971: నవలలో జలాంతర్గామి కమాండర్ పాత్ర ఎక్కడ తప్పుతోంది?

కొత్తకలం

అందరికీ నమస్కారం. 1971 యుద్ధం మీద నవల రాస్తున్నాను. కథ డిసెంబర్ 3 రాత్రి, విశాఖ తీరంలో. కథానాయకుడు భారత జలాంతర్గామి కమాండర్, కల్పిత పాత్ర. అతని బోటు సోవియట్ తయారీ ఫాక్స్‌ట్రాట్ రకం. ఎదుట ఉన్నది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ.

మూడు ఘట్టాలు రాశాను, వాటి పూర్తి పాఠం జత చేశాను. మొదటి దాంట్లో కమాండర్ ప్రధాన కార్యాలయం ఆదేశాన్ని పక్కన పెట్టి, శత్రువుకి దొరక్కుండా 400 మీటర్ల లోతుకి దిగిపోతాడు. రెండో దాంట్లో పెరిస్కోప్‌లోంచి ఘాజీని వెతికి పట్టుకుని, గంటకు 15 నాట్ల వేగంతో రాత్రంతా వెంటాడి, ఒకే టార్పెడోతో ముంచేస్తాడు. మూడో దాంట్లో తెల్లారేసరికి విశాఖ వీధుల్లో విజయోత్సవం. అమావాస్య చీకటి, పక్కన పిడుగుల వాన కూడా పెట్టాను.

కల్పనే అయినా తెలిసినవాళ్ళు చదివి పుస్తకం మూసేయకూడదు. ఎక్కడ తప్పు ఉందో మొహమాటం లేకుండా చెప్పండి.

చుక్కాని

ముందు హోదా సంగతి. నౌకాదళంలో "కమాండర్" ఒక ర్యాంకు. లెఫ్టినెంట్ కమాండర్‌కి పైన, కెప్టెన్‌కి కింద. కానీ ఓడని నడిపే అధికారి ర్యాంకు ఏదైనా ఆ ఓడ మీద అతనే కెప్టెన్. ఆ రాత్రి మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ని నడిపిన ఇందర్ సింగ్ ర్యాంకు లెఫ్టినెంట్ కమాండర్. ఘాజీలో ఉన్న జఫర్ మహమ్మద్ ఖాన్ కమాండర్. డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీతో పాటు మునిగిపోయిన మహేంద్రనాథ్ ముల్లా ర్యాంకు కెప్టెన్. ముగ్గురూ తమ తమ ఓడలకి కెప్టెన్లే. మీరు కథనంలో ర్యాంకు వాడితే చివరిదాకా ర్యాంకే వాడండి, పదవి వాడితే పదవే వాడండి. ఎదురుగా మాట్లాడేటప్పుడు మాత్రం భారత నౌకాదళంలో "సర్" అంటారు.

రెండోది, చరిత్ర. మీ కథకి వెన్నెముక అదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఘాజీ నవంబర్ 14న కరాచీ వదిలింది. లక్ష్యం విమానవాహక నౌక విక్రాంత్, దాంతోపాటు విశాఖ రేవు ముందు మైన్లు వేయడం. పాకిస్తాన్ దగ్గరున్న జలాంతర్గాముల్లో శ్రీలంకని చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేసే సత్తా దీనికొక్కదానికే ఉంది. పైన 10 నాట్ల వేగంతో వెళ్తే 11,000 నాటికల్ మైళ్ళు వెళ్ళగలదు. పశ్చిమాన ఉన్న డాఫ్నే రకం బోట్లకి అంత ఓపిక లేదు.

అప్పటికే విక్రాంత్ అండమాన్ వైపు వెళ్ళిపోయింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత విక్రాంత్ పంపుతున్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించాడు. పెద్ద ఓడ వస్తోందన్నట్టు రేషన్ సరుకులు కూడా పురమాయించారు. ఘాజీ లేని ఓడ కోసం విశాఖ ముందు కాచుకుంది. డిసెంబర్ 3 అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ రేవులోంచి బయటికి వచ్చింది. నీటి మీద కలకలం కనిపించిన చోట వేగం పెంచి రెండు డెప్త్ చార్జ్‌లు (నీటి లోతులో పేలే బాంబులు) వదిలింది. అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు, ఒడ్డున కిటికీ అద్దాలు అదిరాయి.

ఇందులో భారత జలాంతర్గామి ఎక్కడా లేదు. మీరు పెట్టదలిస్తే పెట్టండి, అది రచయిత హక్కు. అయితే ఒక చిక్కుంది. మన బోటు అక్కడ నీటి కింద ఉండి ఉంటే రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లు దాని మీద కూడా పడేవి. పైనున్న ఓడకి నీటి కింద ఉన్నది మనదో పరాయిదో తేల్చుకునే దారి అప్పట్లో దాదాపు లేదు. అందుకే జలాంతర్గాములకీ, వాటిని వేటాడే ఓడలకీ వేర్వేరు ప్రాంతాలు కేటాయిస్తారు. మీ కమాండర్ "ఆదేశాన్ని పక్కన పెట్టి" రేవు ముందుకొస్తే అది ధైర్యం కింద రాదు. సొంత డిస్ట్రాయర్ కెప్టెన్‌ చేతికి తన మనుషుల్ని అప్పగించడం అవుతుంది.

లోతుగజం

400 మీటర్ల లెక్క ఎక్కడ పుట్టిందో ఊహించగలను. ఘాజీ అంతకు ముందు అమెరికా నౌకాదళంలో డయాబ్లో. 1944లో జలప్రవేశం చేసిన టెంచ్ రకం బోటు, 1964లో పాకిస్తాన్‌కి చేరింది. దాని పరీక్షా లోతు 400 అడుగులు, అంటే 122 మీటర్లు. అడుగులు ఎక్కడో మీటర్లయిపోయాయి. ఫాక్స్‌ట్రాట్ ఇంకా లోతుకి వెళ్తుంది, 250 మీటర్ల పైచిలుకు. 400కి మాత్రం వెళ్ళదు. ఆ లోతులో ప్రతి చదరపు మీటరు మీదా 400 టన్నులు కూర్చుంటాయి. బోటు పొట్టు (ఉక్కు పెంకు) నలిగిపోతుంది.

ఇక రేవు ముఖద్వారం దగ్గర అంత నీరే లేదు. లోతు తక్కువ నీళ్ళలో జలాంతర్గామి నడపడంలో ఉన్న భయమే వేరు, మీ ఘట్టానికి అదే బాగా పనికొస్తుంది. ఫాక్స్‌ట్రాట్ పొడవు 91 మీటర్లు. 10 డిగ్రీలు ముక్కు దించితే ముక్కుకీ తోకకీ మధ్య ఎత్తు తేడా దాదాపు 16 మీటర్లు. 60 మీటర్ల నీళ్ళలో కంగారుగా దిగితే ముక్కు బురదలో గుచ్చుకుంటుంది, లేదా తోక పైకి తేలి ప్రొపెల్లర్లు నురగ లేపుతాయి. కాబట్టి అనుభవమున్న కమాండర్ అక్కడ రెండు మూడు డిగ్రీలకి మించి వంచనివ్వడు.

ఇంకో సంగతి ఎవరూ రాయరు, అందుకే చెబుతున్నాను. నదీముఖాల దగ్గర ఉప్పు తగ్గుతుంది. సముద్రపు నీటి సాంద్రత ఘనమీటరుకి 1,025 కిలోల నుంచి 1,022కి పడిందనుకోండి, 2,400 టన్నుల బోటు ఉన్నపళంగా 7 టన్నులు బరువెక్కుతుంది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, అయినా లోతు ముల్లు మెల్లగా దిగుతుంది. అప్పుడు ట్రిమ్ ట్యాంకుల్లోంచి (బోటు బరువు సరిచేసే నీటి తొట్లు) 7 టన్నుల నీరు పంపుతో తోడాలి. పంపు చప్పుడు చేస్తుంది. దగ్గర్లో శత్రువు వింటున్నాడు. తోడించాలా, లేక వేగం ఒక నాట్ పెంచి ఫలకాల (బోటుని పైకీ కిందకీ వంచే రెక్కల) మీద నిలబెట్టాలా? పెంచితే బ్యాటరీ తింటుంది, ప్రొపెల్లర్ శబ్దం పెరుగుతుంది. కమాండర్ స్వభావం చూపించాలంటే ఇలాంటి చోట చూపించండి.

బ్యాటరీ: ఫాక్స్‌ట్రాట్ నీటి కింద 15 నాట్లు పోగలదన్నది నిజం. రాత్రంతా పోగలదన్నది అబద్ధం. నడకకి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. ఘాజీ రకం బోటు 2 నాట్ల మీద 48 గంటలు మునిగి ఉండగలదు, 96 మైళ్ళు. అదే గరిష్ఠ వేగం 8.75 నాట్ల మీద గంట అటూ ఇటూ బ్యాటరీ అయిపోతుంది. పది మైళ్ళు కూడా రావు. తరవాత? స్నార్కెల్ గొట్టం పైకెత్తి డీజిల్ నడిపి చార్జ్ చేసుకోవాలి. ఆ డీజిల్ మోత మైళ్ళ దూరం వినిపిస్తుంది, సొంత హైడ్రోఫోన్లు (నీటిలో శబ్దాలు వినే మైకులు) చెవిటివైపోతాయి. ఫాక్స్‌ట్రాట్‌కి మూడు షాఫ్ట్‌లు (ప్రొపెల్లర్లని తిప్పే ఇరుసులు). చప్పుడు లేకుండా పాకడానికి మధ్య షాఫ్ట్‌కి వేరే చిన్న మోటారు ఉంటుంది. మీ వాడు రాత్రంతా వాడేది దాన్నే.

శబ్దవేధి

పెరిస్కోప్‌లోంచి నీటి కింద ఉన్న జలాంతర్గామి కనిపించదు. పెరిస్కోప్ నీటి పైన ఉన్నవాటిని చూడ్డానికి. కింద ఉన్నదాన్ని చెవితోనే చూడాలి.

చెవి చెప్పేది కూడా దిక్కు మాత్రమే. దూరం చెప్పదు. "సోనార్ ఆపరేటర్ ఘాజీ 3,200 మీటర్ల దూరంలో ఉందన్నాడు" అని మీ రెండో ఘట్టంలో ఉంది. దూరం కావాలంటే ధ్వని తరంగం పంపి ప్రతిధ్వని కోసం ఆగాలి. నీటిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 1,500 మీటర్లు కాబట్టి 3,000 మీటర్ల దూరం నుంచి 4 సెకన్లలో ప్రతిధ్వని తిరిగొస్తుంది. ఆ 4 సెకన్లలో అవతలివాడికీ మీరెక్కడున్నారో తెలిసిపోతుంది. అందుకే పంపరు. దిక్కు ఎంత త్వరగా మారుతోందో రాసుకుంటూ, తన దారి మార్చి మళ్ళీ రాసుకుంటూ, కాగితం మీద దూరాన్ని రాబట్టుకుంటారు. అరగంట, గంట పడుతుంది. పేజీలో ఆ గంటని రాయడం కష్టమే. కానీ జలాంతర్గామి కథకి ఉత్కంఠ అక్కడే పుడుతుంది.

తీరం దగ్గర ఉష్ణమండలపు లోతు తక్కువ నీళ్ళలో ఒక రకం రొయ్యలు గోళ్ళు చిటపటలాడిస్తాయి. హైడ్రోఫోన్‌లో అది నూనెలో ఆవాలు వేగినట్టు వినిపిస్తుంది. దాని వెనక 2 నాట్ల మీద పాకే బోటుని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. పైగా నదీజలాలతో పైపొర పలచబడిన సముద్రం కదా, ఉప్పు మారినచోట, వేడి మారినచోట ధ్వని వంగుతుంది. మైలు దూరంలో ఉన్నది వినపడక, ఐదు మైళ్ళ అవతలిది స్పష్టంగా వినిపించవచ్చు.

నీటి కింద ఉన్న జలాంతర్గామిని నీటి కింద నుంచే మరో జలాంతర్గామి ముంచింది యుద్ధ చరిత్రలో ఒక్కసారి. 1945 ఫిబ్రవరి 9న నార్వే తీరంలో బ్రిటిష్ బోటు వెంచరర్, జర్మన్ యు-864ని ముంచింది. వెంచరర్‌ని నడిపిన లెఫ్టినెంట్ లాండర్స్ గంటల తరబడి వింటూ వెంటాడాడు. అవతలివాడు దారి మార్చుకుంటున్న తీరుని అంచనా కట్టి నాలుగు టార్పెడోలు వేర్వేరు లోతులకి అమర్చి వదిలాడు. మొదటి మూడూ తప్పాయి, నాలుగోది తగిలింది. మీ కమాండర్ ఒకే టార్పెడోతో ముగిస్తే చదివేవాడు అక్కడే ఆగిపోతాడు.

కొత్తకలం

చాలా ఉపయోగం. నీటి కింద ద్వంద్వ యుద్ధం తీసేస్తున్నాను. బదులుగా వెనక అధ్యాయంలో మా కమాండర్ ఉపరితలం మీద ఉన్న శత్రు నౌక మీద టార్పెడో గురి చూసే సాధన ఒకటి పెట్టాలనుంది. పెరిస్కోప్ ఎత్తడం, లెక్క వేయడం, వదలడం, అన్నీ వరసలో ఎలా జరుగుతాయి?

చుక్కాని

ఒక లెక్క పూర్తిగా చేసి చూపిస్తాను, దాన్నే సంభాషణగా మార్చుకోండి.

లక్ష్యం 2,000 మీటర్ల దూరంలో, మనకి సరిగ్గా అడ్డంగా, 18 నాట్ల మీద పోతోంది. టార్పెడో వేగం 46 నాట్లు. అప్పటి అమెరికన్ మార్క్ 14కి ఉన్న వేగం అదే, ఆ వేగంలో దాని పరుగు 4,500 గజాలు. 18ని 46తో భాగిస్తే 0.39. ఆ సైన్ విలువకి కోణం 23 డిగ్రీలు. లక్ష్యం ఇప్పుడున్న చోటికి 23 డిగ్రీలు ముందుకి గురిపెట్టాలి. టార్పెడో 92 సెకన్లలో దాదాపు 2,170 మీటర్లు పరుగెత్తుతుంది. ఆలోగా లక్ష్యం 850 మీటర్లు జరుగుతుంది. రెండూ ఒకే చోట కలుస్తాయి.

తప్పు ఎక్కడ వస్తుందంటే, వేగం అంచనాలో. 3 నాట్లు పొరపడితే 92 సెకన్లలో 140 మీటర్ల తేడా. నడిమధ్యకి గురిపెడితే 110 మీటర్ల డిస్ట్రాయర్‌కి రెండు వైపులా 55 మీటర్లే వెసులుబాటు. తప్పిపోయినట్టే. 213 మీటర్ల విక్రాంత్ అయినా తప్పిపోతుంది. అందుకే ఒకటి కాకుండా మూడు నాలుగు, కొద్ది కొద్ది కోణాల తేడాతో వదులుతారు.

పెరిస్కోప్ వాడకం ఇలా ఉంటుంది. ముందు వేగం 3 నాట్లకి తగ్గించాలి. 6 దాటితే కర్ర వెనక తెల్లటి నురగ గీత పడి దూరం నుంచే కనిపిస్తుంది. ఎత్తిన వెంటనే ఒక చుట్టు గబగబా తిప్పి దగ్గర్లో విమానం గానీ ఓడ గానీ ఉందేమో చూడాలి. తరవాతే లక్ష్యం. దిక్కు చెబుతాడు, పక్కవాడు రాసుకుంటాడు. ఓడ కొయ్య (పైనున్న నిలువు స్తంభం) ఎత్తు తెలిస్తే కోణం కొలిచి దూరం తీస్తాడు. లక్ష్యం ముక్కు ఎటు తిరిగి ఉందో కంటితోనే అంచనా. మొత్తం ఏడెనిమిది సెకన్లు, దించెయ్యాలి. నీటి పైన మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి క్షితిజం రెండున్నర మైళ్ళే. అయితే 30 మీటర్ల ఓడ కొయ్య కొస మాత్రం 13, 14 మైళ్ళ నుంచీ కనిపిస్తుంది. ఆ కొసని చూసి ఓడేదో చెప్పగలగడం కమాండర్ పనితనం.

వదిలిన తరవాత ముక్కు తేలికవుతుంది. ఒక్కో టార్పెడో టన్నున్నర. ట్యూబులోకి నీరు చేరినా బరువు సరిగ్గా సరిపోదు. నలుగురు నలువైపులా చూస్తూ ట్రిమ్ సరిచెయ్యకపోతే ముక్కు నీటి పైకి వచ్చేస్తుంది. మొదటిసారి కాల్పుల్లో జరిగే తప్పు ఇదే. ఇంకా, టార్పెడో కొన్ని వందల మీటర్లు పరుగెత్తాకే పేలడానికి సిద్ధమవుతుంది. 200 మీటర్ల దూరంలో వదిలితే తగిలి కూడా పేలదు.

పాతపటం

అమావాస్య తీసెయ్యండి. 1971 డిసెంబర్ 2 పౌర్ణమి, మార్గశిర పౌర్ణమి. 3వ తేదీ అర్ధరాత్రి చంద్రుడు విశాఖ నడినెత్తికి కాస్త తూర్పుగా, దాదాపు నిండుగా ఉంటాడు. ఊరంతా బ్లాకౌట్, సముద్రం మీద వెన్నెల. పెరిస్కోప్ నురగ తెల్లగా మెరుస్తుంది. మీ చీకటికంటే ఇది భయంకరంగా ఉంటుంది. పిడుగుల వానకి నా దగ్గర ఆధారం లేదు, కథకి అవసరమూ కనిపించలేదు.

ఇక మూడో ఘట్టం. డిసెంబర్ 4 ఉదయం విశాఖలో ఘాజీ పేరు ఎవరికీ తెలీదు. పేలుడు విన్నారు, అంతే. తరవాత మత్స్యకారులకి తేలుతున్న వస్తువులు దొరికాయి. నౌకాదళం గజ ఈతగాళ్ళని దింపి కింద పడి ఉన్నది జలాంతర్గామి అని తేల్చుకుంది. ప్రజలకి ప్రకటించింది డిసెంబర్ 9న. అదే రోజు రాత్రి అటు పశ్చిమాన హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఒకే తేదీన రెండు వార్తలు. విజయోత్సవం పెట్టాలనుకుంటే 9న పెట్టండి, అప్పుడు ఆ ఉత్సవం మీద ఖుక్రీ నీడ దానంతటదే పడుతుంది.

నేవీ డే డిసెంబర్ 4న జరుపుకోవడం వల్ల చాలామంది అది ఘాజీ కోసం అనుకుంటారు. ఆ తేదీ కరాచీ రేవు మీద క్షిపణి పడవలు నిపాత్, నిర్ఘాత్, వీర్ చేసిన దాడికి గుర్తు. మీ పాత్రల చేత పొరపాటున వేరేలా చెప్పించకండి.

ప్రవాహం గురించి ఒక మాట. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తూర్పు తీరం వెంట ప్రవాహం దక్షిణానికి నడుస్తుంది. మునిగి 2 నాట్ల మీద పాకే బోటుని ఒక నాట్ ప్రవాహం తోస్తే ఆరు గంటల్లో ఆరు మైళ్ళు పక్కకి పోతుంది. తీరదీపాలు ఆరిపోయి ఉంటే తాను ఎక్కడున్నాడో సరిచూసుకునే ఆనవాలు ఉండదు. వెన్నెల్లో డాల్ఫిన్స్ నోస్ కొండ ఆకారం కనిపిస్తే దిక్కు తీసుకోవచ్చు, కానీ దానికి పెరిస్కోప్ ఎత్తాలి.

తీరవాసి

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న: అవతలి కమాండర్‌ని ఎలా రాశారు? మీరు పెట్టిన భాగంలో జఫర్ ఖాన్ గట్టిగా నవ్వుతాడు, తన నావికుల్ని తిడతాడు, మ్యాప్ మీద కత్తి గుచ్చుతాడు. ఆయన నిజంగా బతికిన మనిషి. ఆయనతో కలిపి ఆ బోటులో 93 మంది పోయారు. పాతికేళ్ళకి పైబడిన బోటుని, సొంత రేవుకి వేల మైళ్ళ దూరంలో, సాయం అందే దారి లేని చోటికి తీసుకొచ్చిన అధికారి. అలాంటివాణ్ణి తెలివితక్కువ దుర్మార్గుడిగా చూపిస్తే అతన్ని మోసగించిన కృష్ణన్ ఎత్తుగడ కూడా చిన్నదైపోతుంది.

నన్నడిగితే అసలు పేరు వాడొద్దు. పాకిస్తాన్ బోటుకీ కమాండర్‌కీ కల్పిత పేర్లు పెట్టండి, లేదా ఆయన్ని దూరం నుంచి, శబ్దంగా మాత్రమే చూపించండి.

లోతుగజం

తీరవాసి గారూ, పాత్ర విషయంలో మీతో ఏకీభవిస్తాను. పేరు మార్చడం విషయంలో కాదు. ఘాజీ అన్న పేరు తీసేస్తే విశాఖ పాఠకుడికి ఆ రాత్రి ఏదో తెలీదు. పేరు ఉంచి, ఆ మనిషి తల లోపలికి వెళ్ళకుండా ఉండటం మేలు.

ఇంకా ముఖ్యమైనది, ఘాజీ ఎలా పేలిందన్నది మీ నవల తేల్చి చెప్పకూడదు. రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌ల వల్లే అన్నది భారత నౌకాదళం వాదన. తాను వేసిన మైన్ మీదకే తాను వచ్చిందన్నది పాకిస్తాన్ వైపు చెప్పేది. లోపల పేలుడు జరిగిందన్నది మూడోది. మూడింటికీ సాంకేతికంగా దారి ఉంది.

డెప్త్ చార్జ్: అప్పటి బ్రిటిష్ తరహా డబ్బాలో 130 కిలోలకి పైగా పేలుడు మందు. అది సెకనుకి 3 మీటర్ల చొప్పున దిగుతుంది. పొట్టు చీలాలంటే ఆరేడు మీటర్ల దగ్గర్లో పేలాలి. పన్నెండు మీటర్ల దగ్గర పేలినా పైకి తేలక తప్పని దెబ్బ తగులుతుంది. లోతు తక్కువైతే వదిలిన ఓడ త్వరగా దూరం జరగాలి, లేకపోతే సొంత తోకే దెబ్బతింటుంది. ఇందర్ సింగ్ వేగం పెంచి వదలడానికి అర్థం అదే.

మైన్: టార్పెడో ట్యూబుల్లోంచి వేస్తారు. ప్రతిదీ ఎక్కడ పడిందో పటంలో గుర్తు పెట్టుకోవాలి. పాతపటం చెప్పిన ఆరు మైళ్ళ ప్రవాహం లెక్క ఇక్కడ ప్రాణం తీస్తుంది.

హైడ్రోజన్: సీసపు బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు, ముఖ్యంగా చివరి దశలో, హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు. గాలి మార్పిడి ఫ్యాన్లు ఆగినా, చార్జ్ మధ్యలో కంగారుగా మునిగినా పోగుపడుతుంది. అసలు సముద్రపు నీరే బ్యాటరీలోకి వస్తే క్లోరిన్ పుడుతుంది, అది వేరే చావు.

ఒకదానితో ఒకటి కలిసి కూడా ఉండొచ్చు. సమయాల పొంతన మీదే సగం వాదన నడుస్తుంది. మీ కమాండర్ దూరం నుంచి వినేవాడు కాబట్టి అతనికి ఇవేవీ తెలీవు. ఆ తెలియకపోవడాన్ని కాపాడండి.

తీరవాసి

సరే, పేరు ఉంచడానికి ఒప్పుకుంటాను, తల లోపలికి వెళ్ళకపోతే. ఆదేశ ధిక్కారం గురించి మాత్రం పట్టుబడతాను. పైవాళ్ళు పిరికివాళ్ళు, బోటులో ఉన్నవాడొక్కడే వీరుడు అనే అచ్చు అరిగిపోయింది. 1971లో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగిన మన జలాంతర్గామి కుర్సురాకి ఏ ఆదేశాలున్నాయో చూడండి: నిర్దేశించిన ఓడదారులు దాటకూడదు, లక్ష్యం ఎవరిదో ఖచ్చితంగా గుర్తుపట్టాకే ముంచాలి. రాత్రిపూట, దీపాలార్పుకుని వచ్చే ఓడని పెరిస్కోప్‌లో చూసి ఖచ్చితంగా గుర్తుపట్టడం ఎంత కష్టమో చుక్కాని గారి లెక్కే చెబుతోంది. వేలు మీట మీద ఉంది, తటస్థ దేశపు వర్తక నౌకేమోనన్న అనుమానం తీరలేదు, ఓడ గురిలోంచి జారిపోతోంది. వదలకుండా ఆగినవాడి కథ ఎందుకు రాయరు?

ఇంకో గడియారం కూడా ఉంది. పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి చేసింది డిసెంబర్ 3 సాయంత్రం. ఆ మధ్యాహ్నం దాకా మీ వాడికి ఘాజీ గురిలో దొరికినా యుద్ధం లేదు. అదే రాత్రికి ఉంది. కొన్ని గంటల్లో అదే చర్యకి అర్థం మారిపోతుంది.

శబ్దవేధి

ఇదే మీ నవలకి ఇరుసు. మీ బోటుని రేవుకి 30 కిలోమీటర్ల అవతల, కేటాయించిన గడిలో ఉంచండి. దాటొద్దని ఆదేశం. అర్ధరాత్రి దాటాక పేలుడు. ఒడ్డున అద్దాలు అదిరాక, నీటిలో ఆ శబ్దం 20 సెకన్లకి హైడ్రోఫోన్ చేరుతుంది. ఆపరేటర్ చెవుల మీది ఫోన్లు లాగి పారేస్తాడు. పోయింది రాజ్‌పుతా, ఘాజీయా? వెళ్ళి చూడలేడు, అడగలేడు. వైర్‌లెస్ విప్పితే తానున్న చోటు బయటపడుతుంది.

గాలి లెక్క ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతాను. మనిషి గంటకి సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 75 మంది అంటే 1,500 లీటర్లు. లోపల ఖాళీ గాలి 750 ఘనమీటర్లు అనుకుంటే, శుద్ధి చెయ్యకపోతే 15 గంటల్లో 3 శాతానికి చేరుతుంది. తలనొప్పి, ఆయాసం, చిన్న కూడికల్లో తప్పులు. అంతకంటే ముందే సోవియట్ బోట్లలో రసాయన పలకలు పెడతారు, అవి విషవాయువు పీల్చుకుని ఆక్సిజన్ ఇస్తాయి. వాటి మీద నూనె చుక్క పడితే అంటుకుంటాయి. నూనె చేతులతో పలక మార్చబోయిన నావికుణ్ణి ఆపడం ఒక్క వాక్యంలో రాసినా బోటు లోపలి ప్రమాదం అర్థమవుతుంది.

తెలుగుమాట

భాష గురించి నాలుగు ముక్కలు. "గంటకు 15 నాట్లు" తప్పు, నాట్ అంటేనే గంటకి ఒక నాటికల్ మైలు. టార్పెడోని "పేల్చరు", వదులుతారు, అది తగిలి పేలుతుంది. ఆదేశం, దాన్ని తిరిగి చెప్పడం, పూర్తయిందని చెప్పడం, ఈ మూడూ ఉంటాయి:

"పెరిస్కోప్ లోతు."
"పెరిస్కోప్ లోతు, సర్."
కాసేపటికి: "పెరిస్కోప్ లోతులో ఉన్నాం, సర్."

దిక్కులు విడివిడి అంకెలుగా: "సున్నా, నాలుగు, ఐదు". కుడి ఎడమలు కాకుండా స్టార్‌బోర్డ్, పోర్ట్. మీ వాడు ఉద్వేగం వచ్చినచోటల్లా అరుస్తున్నాడు, జలాంతర్గామిలో ఎవరూ అరవరు. గొంతు తగ్గేకొద్దీ ప్రమాదం దగ్గరపడిందని అర్థం. శ్రీకాకుళం నావికుడు, భీమిలి నావికుడు తమలో తాము "ఏటి, ఇనబడిందేటి?" అనుకోవచ్చు. అధికారితో అనడు.

లోపలి కొలతల కోసం ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా మ్యూజియం చూసి రాయండి. అది ఫాక్స్‌ట్రాటే. ఏడు గదులు, కేంద్ర నియంత్రణ మూడో గదిలో, అధికారుల చోటు రెండో గదిలో, బ్యాటరీ మీదే. మీ కమాండర్ నియంత్రణ గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. పచార్లకి చోటెక్కడ?

కొత్తకలం

కొత్తగా రాసిన ముక్క పెడుతున్నాను.

"చెవిఫోన్లు కింద పడేసి కూర్చున్నాడు ఆపరేటర్. కమాండర్ వాటిని తీసి తన చెవికి ఆనించుకున్నాడు. రొయ్యల చిటపట తప్ప ఏమీ లేదు. 'దిక్కు?' అన్నాడు. 'రెండు, ఎనిమిది, ఐదు, సర్. రేవు వైపు.' లోతు ముల్లు అర మీటరు దిగింది. పంపు దగ్గరున్నవాడు అతని ముఖం చూశాడు. కమాండర్ తల అడ్డంగా ఊపాడు. 'వేగం మూడు. ఫలకాల మీద పట్టు.' పది నిమిషాలు గడిచాయి. 'పెరిస్కోప్ లోతు,' అన్నాడు. తెల్లటి దీపాల కింద అందరి ముఖాలూ పాలిపోయి ఉన్నాయి. కర్ర పైకి లేచింది. ఒక చుట్టు. పడమట, వెన్నెల కింద, ఏమీ కనిపించని నీళ్ళు. ఎనిమిది సెకన్లు. దించేశాడు."

చుక్కాని

30 కిలోమీటర్ల నుంచి ఏమీ కనిపించకపోవడం సరిపోయింది, దిక్కూ సరిపోయింది. ఒక్కటి మార్చండి. రాత్రి పెరిస్కోప్ ఎత్తేముందు నియంత్రణ గదిలో తెల్ల దీపాలు ఉండవు. కనీసం ఇరవై నిమిషాల ముందే ఎర్ర దీపాలకి మారుస్తారు, లేకపోతే చూసేవాడి కన్ను చీకటికి అలవాటు పడదు, పైగా వెలుతురు పెరిస్కోప్ గుండా పైకి పొక్కుతుంది. పది నిమిషాలని ఇరవై చెయ్యండి, ముఖాలు పాలిపోవడం తీసెయ్యండి. ఎర్ర వెలుతురులో ముఖం రంగు తెలీదు, చెమట మాత్రమే కనిపిస్తుంది.